పద్నాలుగో ప్రశ్న

మనిషి బజారులో ఎందుకు తప్పుతాడు, పెరిగే సరుకును ముందే అమ్ముకొని పడిపోయే సరుకును ఎందుకు పట్టుకొని వేలాడతాడు అనే విషయం మీద ఇప్పుడు పెద్ద పెద్ద పరిశోధనలు జరుగుతున్నాయట. షేర్ల బజారు సంగతులు రాసే పేజీలో ఎవరో దాని గురించి వ్యాసం రాశారు. ఒకప్పుడు నా దగ్గర చదువుకొని ఇప్పుడు బ్యాంకులో మంచి హోదాలో ఉన్న ఒకాయన ఆ పేజీ కత్తిరించి పట్టుకొచ్చాడు. "మీరు క్లాసులో చెప్పిన గొర్రెల కథ ఇదే కదా సార్" అన్నాడు సంబరంగా.

ఇదే. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పినన్నాళ్ళూ ప్రతి ఏడూ ఆ కథ చెప్పాను. ధర పడిపోతున్నా జీవాల మీద మమకారం చంపుకోలేక మంద అమ్ముకోని ఒక కాపరి, చివరికి అంతా పోగొట్టుకున్నాడు అని. పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళతోపాటు నేనూ నవ్వేవాణ్ణి. ఆ కాపరి మా నాయన అని గాని, అసలు జరిగింది అది కాదని గాని ఏ బ్యాచ్‌కూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే ధైర్యం వచ్చిందనుకోకండి. ఎవరి ముందు సిగ్గుపడాలో వాళ్ళందరూ పోయారు, అంతే.

అప్పుడు మాది కర్నూలు జిల్లా. మార్కాపురం, కంభం, గిద్దలూరు అన్నీ అందులోవే. రాష్ట్రం కొత్తగా వచ్చి కర్నూలు రాజధాని అయినప్పుడు నేను అక్కడే బి.ఏ. చదువుతున్నాను. డేరాల్లో ఆఫీసులు నడిచేవి. ఆ డేరాల్లో ఒకదాంట్లో నాకూ ఒక కుర్చీ దొరుకుతుందని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. నా పరీక్షలు అయ్యేసరికి రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు పీకేశారు, నేను ఊరికి వచ్చేశాను. అర్ధవీడు రోడ్డు దిగి లోపలికి రెండు మైళ్ళు నడిస్తే మా ఊరు. బి.ఏ. చదివి గొర్రెల వెంట పోలేను, పోకుండా ఇంట్లో కూర్చొని తినలేను. ఏడాదిన్నర అట్లా గడిచింది. నాయన ఒక్క మాట అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఒళ్ళు మండించేది.

మాకు సెంటు భూమి లేదు. నూటికి పైగా గొర్రెలు, వాటికి ముందు నడవడానికి ఏడెనిమిది మేకలు ఉండేవి. ప్రతి ఎండాకాలం నాయన మందను నల్లమలకు తోలుకుపోయేవాడు. మేతకు సర్కారు పన్ను, పుల్లరి, కట్టినా సరే, అడవి గార్డుకు మళ్ళీ ఒక పొట్టేలు సమర్పించాలి. ఆ నాలుగు నెలలూ రాళ్ళ మీద పడుకోవడం, వాగు నీళ్ళు తాగడం. యాభై దాటేసరికి ఆయన కుడి మోకాలు పాడైపోయింది. దిగుడు నేల కనబడితే పక్కకు తిరిగి, కర్ర పట్టుకొని దిగేవాడు.

ఆ ఏడాది ఊళ్ళో పాతకాపు రైతు ఒకాయన మూడెకరాల చేను అమ్మకానికి పెట్టాడు. వావి వరస ఏమీ లేకపోయినా నేను ఆయన్ను మామా అనే పిలిచేవాణ్ణి. ఎర్రనేల. వానపడితే సజ్జా, కొర్రా, ఆముదాలు పండుతాయి. ఎన్నో ఏళ్ళుగా మా మందనే ఆ చేలో ఎరువు కోసం కట్టేవాళ్ళు, కాబట్టి దాని సత్తువలో సగం మా గొర్రెలదే అని మా అమ్మ అంటుండేది. అరవై జీవాలు అమ్మితే చేను మాది అవుతుంది. మిగతా వాటిని చేని గట్ల మీదా, ఊరి చుట్టుపక్కలా మేపుకోవచ్చు. నాయన ఇక అడవికి పోనక్కరలేదు. "ఉగాది దాకా వేరేవాళ్ళకు మాటియ్యనులే బావా" అన్నాడు మామ. నాయన చేలోకి పోయి ఒక మూల నుంచి ఇంకో మూలకు కుంటుకుంటూ నడిచి వచ్చాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

సరిగ్గా అప్పుడే మా తాలూకాకు ఒక పరిశోధకుడు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, ముప్పై దాటలేదు. ఒక విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం పనిచేస్తున్నాడు. పల్లెల్లో జనం సరుకు ఎప్పుడు అమ్మాలో, ఎప్పుడు ఆపుకోవాలో ఎట్లా తేల్చుకుంటారు అనేది ఆయన విషయం. మద్రాసులో వేరుశనగ మీద వాయిదా బేరాలు చేసే షావుకార్లను అప్పటికే అడిగి వచ్చాడు. వాళ్ళు లెక్క వేసి నిర్ణయిస్తారనీ, పల్లెటూరి వాళ్ళు మనసు చెప్పినట్టు చేస్తారనీ ఆయన అనుమానం. అనుమానం అని మర్యాదకు అంటున్నాను. ఆయన అది తేల్చుకొనే బస్సెక్కాడు.

ఊరూరా తిరిగి ప్రశ్నలు అడగడానికి చదువుకున్న లోకల్ కుర్రవాడు కావాలన్నాడు. కంభంలో ఎవరో నా సంగతి చెప్పారు. నెలకు అరవై రూపాయలు, ఒక సైకిలు. నేను ఆ సైకిలు మీద మొదటిసారి ఊళ్ళోకి వచ్చినప్పుడు మా అమ్మ వాకిట్లో నీళ్ళు చల్లింది.

సారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇది రాయడం నాకు ఇంత కష్టమయ్యేది కాదు. మా ఇంట్లో సంగటి తిన్నాడు, కింద కూర్చున్నాడు, నాయనను మీరు అన్నాడు. కాకపోతే ఆయనకు ఒక నియమం ఉండేది. "మనం అడగాలి, వినాలి, రాసుకోవాలి. ఏమీ చెప్పకూడదు. నువ్వు నోరు జారితే వాళ్ళ నిర్ణయం మారుతుంది, నా పరిశోధన చెడిపోతుంది" అనేవాడు. రోజుకు ఒకసారైనా ఆ మాట అనకపోతే ఆయనకు అన్నం అరిగేది కాదు.

ఒకసారి ఆయన్ను యర్రగొండపాలెం సంతకు తీసుకుపోయాను. మా వైపు సంతల్లో జీవాల ధర నోటితో చెప్పుకోరు. కొనేవాడూ అమ్మేవాడూ చెయ్యీ చెయ్యీ పట్టుకుంటారు, పైన తువ్వాలు కప్పుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎన్నిసార్లు నొక్కితే ఎంత అన్నది వాళ్ళకు తెలుసు. పైకి మాత్రం "ఛీ, ఈ ముసలిదానికి అంతనా" అని ఒకడు, "నీ మొగానికి ఇదే ఎక్కువ పోవయ్యా" అని ఇంకొకడు అరుచుకుంటారు. అరుపులు చుట్టూ చేరినవాళ్ళ కోసం. అసలు మాట తువ్వాలు కిందే జరుగుతుంది.

సారు ఒక బేరం తెగేదాకా నిలబడి, అమ్మినాయన్ను "ఎంతకు ఇచ్చారు?" అని అడిగాడు.

"ధర్మంగానే తెగింది సామీ" అన్నాడు ఆయన తువ్వాలు దులుపుకుంటూ.

"అంటే ఎంత?"

"ఇద్దరికీ న్యాయం జరిగిందిలే."

సారు ఫారంలో ఏం రాశాడో పక్కనుంచి చూశాను. అమ్మిన వ్యక్తి ధర చెప్పలేకపోయాడు అని రాశాడు. చెప్పలేక కాదు సార్, చెప్పరు అన్నాను. "చెప్పకపోయినా, చెప్పలేకపోయినా నా పట్టికలో ఒకే గడి" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. అరవై రూపాయలకు ఆ మాత్రం నవ్వవచ్చు.

ఫారం ఇంగ్లీషులో అచ్చయింది, నలభై ప్రశ్నలు. తెలుగులో అడగడం, జవాబుకు తగ్గ అంకె గడిలో వేయడం నా పని. మొదటి పదమూడూ ఎంతమంది, ఎన్ని జీవాలు, ఏ సంత అనే రకం. పద్నాలుగోది వేరు. అది జరగని దాన్ని జరిగిందనుకొని చెప్పమనే ప్రశ్న. రెండు నెలలు ఆగితే తలకు మూడు రూపాయలు ఎక్కువ వస్తాయనుకోండి, ఇప్పుడే అమ్ముతారా, ఆగుతారా? ఇప్పుడే అంటే ఒకటి, ఆగుతాం అంటే రెండు. మనిషికి ఓపిక ఎంత, చేతిలో ఉన్న డబ్బును రేపటి డబ్బుతో ఎట్లా తూస్తాడు అన్నది దాంతో తెలుస్తుందని సారు చెప్పాడు. ఆ మూడు రూపాయలు ఆయన మద్రాసులో బల్ల ముందు కూర్చొని వేసుకున్న అంకె.

అయిదిళ్ళకు ఒక ఇల్లు చొప్పున లెక్క పెట్టుకుంటూ పోతే మా ఇల్లే తగిలింది. ఇది మాది సార్, వదిలేద్దామా అన్నాను. వరుస తప్పితే శాస్త్రం కాదన్నాడు. పైగా తనూ వచ్చి కూర్చున్నాడు.

నాయన గొంగడి పరిచి సారును దాని మీద కూర్చోబెట్టాడు, తను నేల మీద కూర్చున్నాడు. నేను ఫారం తీసి రూలు ప్రకారం పేరు అడిగాను. నాయన పగలబడి నవ్వాడు.

"నా పేరు తెల్దారా నీకు?"

"రూలు నాయనా. అడగాల."

"అడుగు మల్ల. రాసుకో."

పద్నాలుగో ప్రశ్న వచ్చింది. "రెండు నెల్లు ఆగితే తలకు మూడు రూపాయలు ఎక్కువొస్తాదనుకో నాయనా. ఇప్పుడే అమ్ముతావా, ఆగుతావా?"

అప్పటిదాకా టకటకా చెప్పిన మనిషి ఆగిపోయాడు. సారు వైపు చూశాడు. సారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. నా వైపు చూశాడు.

"రెండు నెల్లా?"

"రెండు."

"మూడు రూపాయలా?"

"మూడు."

"అట్లయితే ఆగుతా" అన్నాడు నాయన. నేను గడిలో రెండు వేసి పదిహేనో ప్రశ్నకు పోయాను.

శివరాత్రి ముందు బెజవాడ వైపు నుంచి వ్యాపారులు వచ్చారు. జొన్న కోతలయ్యాక చేలల్లో దుబ్బు మేసి జీవాలు బలిసి ఉండే కాలం అది, ఏటా నాయన అమ్మేది అప్పుడే. ఆ ఏడు ధర కూడా బాగుంది. ఇంటికి వచ్చేసరికి అమ్మ మొహం ముడుచుకొని ఉంది. నాయన వ్యాపారులను వాకిట్లోంచే పంపించేశాడంట. చెయ్యి కూడా కలపలేదంట.

దొడ్డి దగ్గరకు పోయాను. నాయన ఒక గొర్రె కాలి గిట్టలో ముల్లు తీస్తున్నాడు.

"ఏంది నాయనా, అమ్మలేదంట? చేను మాటేంది?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు అడిగినావు గదా. నాకర్థమైందిలే."

"ఏం అర్థమైంది?"

"మూడు రూపాయలు. రెండు నెల్లు. ఆ సారు ముందర నోటితో చెప్పగూడదని తెల్దా నాకు? నువ్వు చెప్పాల్సినట్ల చెప్పినావు, నేను వినాల్సినట్ల విన్నా. ఇంక ఆ మాట ఎత్తబాక. ఉద్యోగస్తుడివి."

ఇది మా నాయన మూర్ఖత్వం అనుకునేవాళ్ళు కొంచెం ఆగాలి. మా ఊరికి కాగితం పట్టుకొని వచ్చి అడిగినవాడు ఎన్నడూ ఊరికే అడగలేదు. ఎన్ని జీవాలున్నాయి అని అడిగిన ఏడే పుల్లరి పెరిగింది. బాట వెడల్పు చేస్తే మీకేమన్నా ఇబ్బందా అని అడిగిన నెలకే కంకర బండ్లు దిగాయి. అడగడం అంటే రాబోయేదాన్ని ముందుగా చెవిన వేయడం. పైగా ధర తెలిసినవాడు దాన్ని బాహాటంగా అనడు, తనవాడి చేతిలో వేలితో నొక్కి చెబుతాడు. బి.ఏ. చదివిన కొడుకు, పెద్ద ఊరి నుంచి వచ్చిన సారు పక్కన కూర్చొని, ఇన్ని నెలలు, ఇన్ని రూపాయలు అని తేల్చి అడిగాడు. ఏ తండ్రి అయినా ఏమనుకోవాలి? చేతిలో ఉన్న సమాచారంతో మా నాయన లెక్క వేసే నిర్ణయించుకున్నాడు. మద్రాసు షావుకారు అంతకంటే ఏం చేస్తాడు?

ఆ దొడ్డి దగ్గర నేను చెప్పవలసిన మాట చిన్నది. నాయనా, అది ఉత్త ప్రశ్న, ధర సంగతి నాకూ తెలియదు, ఆ సారుకూ తెలియదు అని. నోటిదాకా వచ్చింది. నియమం అడ్డం వచ్చిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. చెబితే పరిశోధన చెడిపోతుంది, సారుకు తెలిస్తే ఉద్యోగం పోతుంది. అది సగం నిజం. రెండో సగం చెప్పడానికి ఇప్పటికీ నాలుక తిరగదు. నాయన మొదటిసారి నన్ను తనకంటే పెద్దవాణ్ణి చూసినట్టు చూశాడు. ఏడాదిన్నర ఇంట్లో కూర్చొని తిన్న తిండికి, చదివిన ఆ చదువుకు ఒక విలువ వచ్చినట్టు అనిపించింది. ఆ చూపు పోగొట్టుకోవాలని లేకపోయింది. "సరేలే నాయనా" అని సైకిలెక్కాను.

నాయన ఆపాడని మా చిన్నాయన ఆపాడు. ఆయన, అంటే నాయన పిన్నమ్మ కొడుకు, మా మందలో సగమంత మంద ఉండేది ఆయనకు. ఊళ్ళో ఇంకో నలుగురు కాపరులూ ఆపారు. "చదువుకున్న కొడుకుండేవాడే అమ్మలేదంటే ఏదో తెలిసే ఉంటాది" అనుకున్నారు. దీన్ని ఇప్పుడు మంద మనస్తత్వం అని రాస్తున్నారు. రాసేవాళ్ళు ఒక మందను దగ్గర నుంచి చూసినట్టు లేదు. ముందు నడిచే మేకకు ఏదో తెలుసు అన్న నమ్మకం మీదనే వెనకవి నడుస్తాయి. తప్పు వెనకవాటిది కాదు.

ఫాల్గుణంలో నాకు భయం పట్టుకుంది. మబ్బు లేదు, చెరువులు ముందే ఎండాయి. ఒకరోజు ధైర్యం చేసి సారుతో అన్నాను, కొంతమంది మన ప్రశ్నను సమాచారం అనుకుంటున్నారేమో సార్, ధర పెరుగుతుందని ఆగుతున్నారేమో అని. మా నాయన అని చెప్పలేదు, కొంతమంది అన్నాను.

సారు నవ్వాడు. "ప్రశ్నకూ వార్తకూ తేడా తెలియనివాళ్ళా వాళ్ళు? నీ మనుషుల్ని నువ్వే అంత తక్కువ చేయకూడదు" అన్నాడు.

పల్లెటూరి వాళ్ళ మీద గౌరవం ఉన్న మనిషిగా అన్నాడు ఆ మాట. నేను తర్వాతి ఊరి ఫారాలు సైకిలుకు కట్టుకున్నాను.

ఉగాది వచ్చింది. మామ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఏంది బావా, చేను సంగతి?" అన్నాడు. "ఇంకో నెల ఓపిక పట్టు" అన్నాడు నాయన. మామ పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచాడు. "అల్లుడా, మీ నాయనకేమైంది? సంతలో రేటు రోజూ దిగుతాంది. నువ్వన్నా చెప్పు." చెబుతానన్నాను. పదిహేను రోజులు చూసి ఆయన చేను వేరేవాళ్ళకు రాసిచ్చాడు. ఆయన తప్పేమీ లేదు, చెప్పిన గడువుకంటే ఎక్కువే ఆగాడు.

ఆ ఎండాకాలం మేత లేక అందరూ ఒకేసారి అమ్మకానికి దిగారు. హనుమంతునిపాడు వైపు మందలు కూడా మా సంతలకే వచ్చాయి. కొనేవాడు లేడు, ధర సగమైంది, తర్వాత సగం కంటే కిందికి దిగింది. చేను పోయాక నాయన మందను మళ్ళీ నల్లమలకు తోలుకుపోయాడు, ఆ మోకాలితోనే. అడవిలోనూ గడ్డి లేదు. ఎముకలు తేలిన జీవాలతో ఆయన తిరిగి వచ్చిన వారానికి తొలకరి పడింది. ఆకలి మీద ఉన్న గొర్రెలు లేతగడ్డి మీద పడ్డాయి. చిటుకురోగం వచ్చింది. నిలబడిన గొర్రె నిలబడినట్టే ఎగిరి పడి కాళ్ళు తన్నుకొని చచ్చిపోతుంది, చిటిక వేసినంత సేపు పట్టదు. నాలుగు రోజుల్లో డెబ్భై పోయాయి, మిగిలినవి వచ్చిన ధరకు వదిలించుకున్నాం. తోళ్ళ వ్యాపారి మార్కాపురం నుంచి బండి కట్టుకొని వచ్చాడు. నాయన వాకిట్లోకి రాలేదు. తోళ్ళు అమ్మ లెక్కపెట్టి ఇచ్చింది.

ఆ రోజు అమ్మ నన్ను అడిగింది. "నువ్వేమన్నా చెప్పినావా ఆయనకు? ఎందుకు ఆపినాడు అన్నీ?"

"నేనేం చెప్పలేదమ్మా" అన్నాను. చూశారా, అది అబద్ధం కూడా కాదు.

శ్రావణంలో సారు రెండో విడత ఫారాలతో మళ్ళీ వచ్చాడు. మొదటిసారి ఆగుతాం అన్నవాళ్ళు నిజంగా ఆగారా, ధర పడిపోతున్నా ఎందుకు అమ్మలేదు అని తెలుసుకోవాలి. మా ఊరి సంగతి విని ఆయన నిజంగానే బాధపడ్డాడు. అమ్మ చేతిలో పది రూపాయలు పెట్టబోతే అమ్మ తీసుకోలేదు. కానీ ఆ బాధ వెనక ఒక ఉత్సాహం ఉంది. ఆయన అనుమానం ఇక్కడ రుజువు కాబోతోంది. ఎందుకు అన్న ప్రశ్నకు అయిదు జవాబులు అచ్చువేసి తెచ్చాడు. అందులో నాలుగోది చూడగానే ఆ ఫారాన్ని కట్ట అడుక్కు తోశాను.

నాయన ఈసారి గొంగడి పరవలేదు, అది పాకలో ఎక్కడో ఉంది. ముగ్గురం చాప మీద కూర్చున్నాం. నేను చదివాను.

"ఒకటి, జీవాల మీద మమకారం కొద్దీ అమ్మలేదు. రెండు, మోసపోతామని భయం. మూడు, సంతలో ధర తెలియక. నాలుగు," అని ఆపేశాను. సారు తలెత్తి చూశాడు. మళ్ళీ చదివాను. "నాలుగు, ధర పెరుగుతుందని ఎవరన్నా చెబితే. ఎవరు చెప్పినారో రాయాల."

అయిదోది చదవకముందే నాయన చెయ్యి ఎత్తాడు. నన్ను చూశాడు. కోపంగా కాదు. సంతలో బేరం జరుగుతున్నప్పుడు ఎదుటివాడి చేతిలో ఎంత ఉందో కనిపెట్టడానికి చూసే చూపు అది. ఆ నాలుగో జవాబు పక్కన ఎవరి పేరు పడాలో ఆయనకు తెలుసు. పడితే ఏమవుతుందో కూడా నా మొహంలో చదివేశాడు.

"ఒకటోదే సామీ" అన్నాడు సారు వైపు తిరిగి. "బిడ్డల మాదిరి సాకినాం. అమ్మబుద్ధి కాలా."

మా నాయనకు గొర్రెలంటే మమకారం ఏమీ లేదు. ఆయన పుట్టినప్పటి నుంచీ గొర్రెలు అమ్మినవాడు. ముసలిదాన్ని ముందు తోలెయ్యాలి, పొట్టేలును బలిసిన వారంలోనే వదిలించుకోవాలి అని నాకు నేర్పినవాడు. మేకకు గాని గొర్రెకు గాని ఒక ముద్దుపేరు పెట్టి పిలవగా నేను వినలేదు. బతుకులో ఒక్కసారి కూడా అనని మాట ఆ రోజు ఆ చాప మీద కూర్చొని, నా కోసం, తడబడకుండా అన్నాడు.

సారు నా భుజం తట్టి ఇంగ్లీషులో "నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే" అన్నాడు. "వేసుకో."

ఫారం మోకాలి మీద ఉంది. పెన్సిలు చేతిలో ఉంది. ఒక్క మాట అంటే చాలు. తప్పు సార్, నాలుగు వేయాలి, పక్కన నా పేరు రాయాలి అని. ఆ మాట అంటే ఆయన పరిశోధన మొత్తం కూలేది, నా ఉద్యోగం పోయేది, మా నాయన ఒక్కడు ఈ లోకంలో తెలివైనవాడిగా మిగిలేవాడు. నేను గడిలో ఒకటి వేశాను. ఆ ఒకటే తర్వాత పట్టికలోకి ఎక్కింది, పట్టికలోంచి పుస్తకంలోకి ఎక్కింది. ఆ సారు రాసి ఇచ్చిన ఉత్తరంతో నాకు ఎం.ఏ.లో సీటు వచ్చింది, తర్వాత కాలేజీలో ఉద్యోగం వచ్చింది, ఆ పుస్తకంలోని కాపరిని నేను పిల్లలకు పాఠంగా చెప్పి బతికాను.

సారు బస్సుకు టైమైందని లేచాడు. ఆయన్ను రోడ్డు దాకా దించి వచ్చేసరికి నాయన ఆ చాప మీదే ఉన్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. ఎందుకట్లా అడిగినావు, ఎందుకట్లా ఊరుకున్నావు, ఏదో ఒకటి అడుగుతాడని చూశాను. ఆ ఏడాదంతా ఊరు మీద పడి అందరినీ అన్ని ప్రశ్నలు అడిగినవాణ్ణి కదా, ఒక్కదానికైనా జవాబు చెప్పాలని నాకూ ఉంది.

"నీ ఉద్యోగానికి ఏం కాదు గదా?" అన్నాడు.

"కాదు నాయనా" అన్నాను.

ఆయన తల ఆడించి, కర్ర ఊతగా లేచి లోపలికి పోయాడు. ఆ తర్వాతి సోమవారం గిద్దలూరు వైపు ఒక ఆసామి మందకు ఏడాది జీతానికి కుదిరి నల్లమలకు పోయాడు.